కొరతగారు ఫోనెత్తలేదు

పోయిన వారం మన అట్టల మావయ్యని పంపిణీ డిపో షట్టరు ముందు, తలుపు కొట్టబోతూ చెయ్యెత్తిన భంగిమలో వదిలేశాం. ఈ వారం రోజుల్లో మీరు బట్టలు ఉతుక్కున్నారు, జలుబు తెచ్చుకున్నారు, తగ్గించుకున్నారు. ఆయన చెయ్యి మాత్రం పాపం గాల్లోనే ఉంది. ముందు ఆ చెయ్యి దించాలి. దించేలోపు, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు మాటలు.

అట్టల మావయ్యది బొమ్మల కథల షాపు. కామిక్స్ తప్ప ఇంకేమీ అమ్మడు. ఏ పుస్తకం అట్ట మడత పడినా తన చెవి మెలేసినట్టు విలవిల్లాడిపోతాడు కాబట్టి వీధంతా కలిసి ఆ పేరు పెట్టింది. మనిషి అట్టే మాట్లాడడు, అట్టలే మాట్లాడాలంటాడు. యాభై దాటింది. పెళ్ళెందుకు కాలేదని ఎవరైనా అడిగితే "ఆర్డరు పెట్టానండీ, కాపీ రాలేదు" అని నవ్వేస్తాడు. అడిగినవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. వాళ్ళు వెళ్ళాక ఆ షాపులో ఫ్యాను చప్పుడొక్కటే ఉంటుంది.

షాపు బతికేది ముందస్తు ఆర్డర్ల మీద. రెండు నెలల ముందే పాఠకుడు పేరు రాయించుకుంటాడు. షాపు డిపోకి చెబుతుంది, డిపో ప్రెస్సుకి చెబుతుంది, ప్రెస్సు అడిగినన్ని కొడుతుంది. వినడానికి ఎంత బాగుందో! చెప్పేటప్పుడు అందరూ 'అస్తు' అంటారు, పుస్తకం రావలసిన రోజున 'నాస్తి' అంటారు. చాలా నెలలుగా ఆయన పెట్టెలో వారానికో కాపీ తక్కువ వస్తోంది. తక్కువొచ్చిన ప్రతిసారీ డిపోలోని కొరతల విభాగానికి ఫోను చెయ్యాలి. ఎత్తేది ఒకావిడ. పేరడిగితే ఏమనుకుంటుందోనని ఆయన మొదటిరోజే "కొరతగారూ" అనేశాడు. ఆవిడ కూడా ఏమాత్రం తగ్గకుండా "చెప్పండి షాపుగారూ" అంది. మరుసటి వారం పెట్టెలో ఆ తగ్గిన కాపీ వచ్చేసేది, ఇంకోటి తగ్గేది. మళ్ళీ ఫోను. వారం మొత్తంలో మావయ్య మాట్లాడే అతి పొడుగు సంభాషణ అదే.

ఈ వారం 'ఇనుప గొడుగు' ఆఖరి సంచిక వచ్చింది. ఏళ్ళ తరబడి ముసుగు తియ్యని హీరో ముసుగు తీసే సంచిక. పదిమంది పేర్లు రాయించుకుంటే తొమ్మిదే వచ్చాయి. సంచిలోకి రాని ఆ సంచిక, కుట్టుమిషన్లు బాగుచేసే పిన్నిది. ముసుగు వెనక మొహం ఎవరిదో ఎవరూ చెప్పెయ్యకుండా పిన్ని రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని తిరుగుతోంది. "శనివారం సాయంత్రం దాకా చూస్తానురా అబ్బాయ్. ఆ తర్వాత చెవుల్లో దూదీ తీస్తా, నీ షాపులో నా పేరూ తీస్తా" అని తేల్చేసింది. పది ఆర్డర్లకి ఒక్కటి తగ్గినా డిపో ఆ షాపుకి పెట్టె పంపడం మానేస్తుంది. పిన్ని పదో మనిషి. కొరతగారికి ఎన్నిసార్లు ఫోను చేసినా మొదటిసారిగా ఎవరూ ఎత్తలేదు. ఇవాళ శనివారం. అందుకే మావయ్య పట్టపగలు షాపు మూసి, బస్సెక్కి, ఈ షట్టరు ముందుకొచ్చాడు.

ఇంక చెయ్యి దించవచ్చు. షట్టరు ధడధడలాడింది.

పక్కనున్న చిన్న తలుపు తెరుచుకుంది. "డెలివరీ అయితే వెనక గేటండీ" అంది ఒక గొంతు.

ఎప్పుడూ రిసీవర్లోంచి మావయ్య చెవిలోకి వచ్చే గొంతు ఇప్పుడు ఒక మనిషిలోంచి వస్తోంది. ఆ మనిషికి ముక్కు మీదకి జారిన కళ్ళద్దాలున్నాయి, సగం నెరిసిన జుట్టుంది, మణికట్టుకి గాజులా తొడుక్కున్న టేపు చుట్ట ఉంది.

"కొరతగారా?" అన్నాడు.

టేపు చుట్ట జారి కిందపడి, దొర్లుకుంటూ పోయి గోడకి కొట్టుకుంది. ఇద్దరూ అది ఆగేదాకా దానివైపే చూశారు. దాన్ని చూడటం కాస్త సులువు.

"షాపుగారా! మీరు బక్కగా ఉంటారనుకున్నానండీ."

"ఫోన్లో బరువు తెలీదు కదండీ."

"ఇంతదూరం వచ్చేశారేంటి?"

"మీరు ఎత్తలేదుగా."

"ఫోను పాడైందండీ" అంది ఆవిడ. సరిగ్గా అప్పుడే లోపల ఫోను మోగింది. మంచి ఆరోగ్యంగా, గొంతెత్తి మోగింది. ఆవిడ కదల్లేదు. మావయ్య కూడా ఏమీ ఎరగనట్టు పైకప్పు వైపు చూశాడు. మోగీ మోగీ దానికే సిగ్గేసి ఊరుకుంది.

"లోపలికి రండి" అందావిడ.

డిపో అంటే పేద్ద ఊహేమీ చేసుకోకండి. పొడుగాటి రేకుల గది. పొద్దున్నే కుర్రాళ్ళు అరల్లోంచి పుస్తకాలు తీసి షాపుకో పెట్టెలో సర్ది, ఒక బల్ల మీదకి నెట్టేసి వెళ్ళిపోతారు. బల్ల దగ్గర ఈవిడ ఒక్కతే. పెట్టెలో పుస్తకాలు సరిగా ఉన్నాయో లేదో ఆఖరిసారి చూసి, టేపు వేసి, తూకం మిషను మీద పెడుతుంది. ఎన్ని పుస్తకాలకి ఎంత బరువుండాలో మిషనుకి ముందే తెలుసు. సరిపోతే ఆకుపచ్చ దీపం, లేకపోతే ఎర్రదీపం. మధ్యాహ్నం అదే బల్ల, అదే కుర్చీ కొరతల విభాగం అయిపోతుంది. పంపేదీ ఆవిడే, అందలేదంటే వినేదీ ఆవిడే. బల్ల మీద ఒకటే గ్లాసు, ఒకటే డబ్బా. ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకోవాలన్నా చోటు లేదు.

ఆవిడ తన కుర్చీ ఆయన వైపు జరిపింది. ఆయన కూర్చోలేదు. అందుకని ఆవిడా కూర్చోలేదు. కుర్చీ మాత్రం హాయిగా ఉంది.

"ఇనుప గొడుగు ఒకటి తగ్గిందండీ" అన్నాడు మావయ్య.

ఆవిడ బల్లకేసి చూస్తూ, బడిలో అప్పజెప్పినట్టు మొదలెట్టింది. "ప్రెస్సు వాళ్ళు అడిగినదానికి కాస్త మాత్రమే ఎక్కువ కొడతారండీ. అందులో కొన్ని కత్తిరింపులో పోతాయి, కొన్ని పిన్నులు కొట్టేటప్పుడు పోతాయి. అనుకున్నదానికంటే గిరాకీ పెరిగితే అందరికీ కొంచెం కొంచెం కోస్తారు. పెద్ద షాపుకి కోస్తే కనపడదు. చిన్న షాపుకి తొమ్మిదిన్నర రావాలనుకోండి, అర పుస్తకం పంపలేం కదా, తొమ్మిదే వేస్తారు. ఆ మిగిలిన అర..."

"ప్రెస్సు కోత, డిపో కోత, మీ మేనేజరుగారి కోతలు. ఇవన్నీ ఫోన్లో చెప్పారండీ. పంపిణీదారంటే పంపి, నీ దారి నువ్వు చూసుకో అనేవాడని నేనూ చెప్పాను. మీరు నవ్వారు."

"నవ్వానండీ. ఇంటికెళ్ళి కూడా నవ్వాను."

ఇంటికెళ్ళి ఎవరితో పంచుకుని నవ్విందో చెప్పలేదు. మావయ్య అడగలేదు. ఆయన చూపు అప్పటికే బల్ల మీద నోళ్ళు తెరుచుకుని అట్టహాసంగా కూర్చున్న అట్టపెట్టెల మీదుంది. ఒకదాంట్లోకి తొంగిచూశాడు. పుస్తకాలు పక్కకి జరిపి అడుగు చూశాడు. ఇంకోటి చూశాడు. మూడోది చూశాడు.

"కొరతగారూ, వీటిల్లో క్యాటలాగు వెయ్యలేదేంటండీ?"

"ఏ క్యాటలాగండీ?"

"ఎప్పటిదో పాత క్యాటలాగు. మా పెట్టెలో అడుగున ప్రతివారం ఉంటుంది కదా. అందరికీ వేస్తారనుకున్నానే."

ఆవిడ చూపు బల్ల కిందకి వెళ్ళింది. మావయ్య పుస్తకాల మనిషి, పేజీ తిప్పితేగానీ అర్థం కాదు. వంగి బల్ల కింద చూశాడు. పాత క్యాటలాగులు దొంతరగా ఉన్నాయి. ఒకటి తీసి తూకం మిషను మీద పెట్టాడు. అంకె చూశాడు. అది తీసి, బల్ల మీదున్న కామిక్కొకటి పెట్టాడు. అదే అంకె. మళ్ళీ క్యాటలాగు పెట్టాడు. మిషను చెప్పిందే చెప్పింది.

"ఒక పుస్తకం తీసి, ఇది వేస్తే..." అన్నాడు నెమ్మదిగా. "ఆకుపచ్చ దీపమే వెలుగుతుంది."

"వెలుగుతుందండీ."

"మా ఒక్క పెట్టెలోనే ఉందంటే... కుర్రాళ్ళు చేసిన పొరపాటు కాదన్నమాట."

"కాదండీ. నేనే."

"మీరా?"

"ప్రతివారం నేనే తీశానండీ. మళ్ళీ వారం నేనే వేశాను. ఒక్కటి కూడా ఇంటికి పట్టుకెళ్ళలేదు, నమ్మండి. ఇక్కడే ఈ సొరుగులో ఉంచి, మీరు ఫోను చేశాక..."

"ఎందుకండీ?"

కొరతగారు కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచింది. తుడిచి మళ్ళీ పెట్టుకోలేదు. అవి లేకపోతే ఆయన మొహం మసగ్గా కనిపిస్తుంది, చెప్పడానికి అదే మేలనుకుందేమో.

"ఈ ఫోను మధ్యాహ్నమంతా మోగుతుందండీ. అందరూ తిడతారు. తిట్టడానికే పెట్టిన నంబరు కదా, నేనేం అనుకోను. మీరు మొదటిసారి చేసినప్పుడు, నేను 'కొరతల విభాగం' అనగానే, 'గొంతు అలా ఉందేంటండీ, జ్వరమా?' అన్నారు. జ్వరమేనండీ. మూడు రోజులై ఉంది. పొద్దుట్నించీ ఎంతమందితో మాట్లాడానో, ఒక్కళ్ళు అడగలేదు. మా తమ్ముళ్ళని నేనే పెంచానండీ, పెళ్ళిళ్ళు నేనే చేశాను. మొన్న పెద్దాడు ఫోను చేస్తే రాంగు నంబరనుకుని పెట్టేశాను. వాడు మళ్ళీ చెయ్యలేదు." ఆవిడ కాస్త నవ్వింది. "మీ మొదటి ఫోను మరుసటి వారం పెట్టె అన్నీ సరిగ్గా ఉండి నిండుగా వెళ్ళిపోయింది. మీరు ఫోను చెయ్యలేదు. ఎందుకు చేస్తారు? అన్నీ అందినవాళ్ళు ఎవరు ఫోను చేస్తారండీ? ఆ తర్వాతి వారం నుంచి..."

డిపోలో ఏదో చివర ఒక పెట్టె తనంతట తనే కుంగి చిన్న చప్పుడు చేసింది.

మావయ్యకి ముందు ఏం రావాలో తెలీలేదు. జాలి వచ్చింది, అది గొంతు దాకా వచ్చేలోపు కోపం దాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"ఒక్క వారమేగా అనుకున్నారా?"

"ఒక్క వారమేగా అనుకున్నానండీ. పుస్తకం పుస్తకమే కదా, వారం లేటైతే..."

"బొమ్మల కథ పాలప్యాకెట్ లాంటిదండీ! ఆ రోజు రాకపోతే ఇంక అక్కర్లేదు. మా షాపుకి ఒక పోస్టుమాస్టరు వచ్చేవాడు. ఒక వారం ఆయన కాపీ తగ్గింది. మర్నాడు ఆఫీసులో ఎవడో, కథలో చావాల్సినవాడు చచ్చాడని టీ తాగుతూ చెప్పేశాడు. ఆయన మళ్ళీ రాలేదు. ఒక నాన్నా కూతురూ వచ్చేవాళ్ళు. నేను పెట్టె విప్పేదాకా ఆ పిల్ల ఊపిరి బిగబట్టి నిలబడేది. రెండుసార్లు ఉత్త చేతుల్తో పంపాను. మూడోసారి వాళ్ళ నాన్న అవతలి పేవ్‌మెంటు మీంచి నడిచి వెళ్ళిపోయాడు, నన్ను చూడనట్టు. ముప్ఫైమంది ఉండేవాళ్ళు కొరతగారూ. పదిమంది మిగిలారు. ప్రతి ఒక్కళ్ళకీ ప్రెస్సు కోత, డిపో కోత అని మీరు చెప్పిన మాటలే అప్పజెప్పాను. వాళ్ళు నమ్మలేదు. నేను నమ్మాను."

ఆవిడ చెయ్యి వెనక్కి వెళ్ళి కుర్చీ వీపుని పట్టుకుంది.

"నాకు తెలీదండీ. ఇక్కడ పెట్టెలే కనపడతాయి. విప్పేవాళ్ళు కనపడరు."

"మరి ఈ వారం? ఆఖరి సంచికని తెలుసుగా! దాన్ని కూడానా?"

"తెలుసు కాబట్టే తీశానండీ. అది అయిపోతే మీ షాపులో ఇంక ఎవరూ దేనికీ తొందరపడరేమో, మీరింక ఫోనే చెయ్యరేమో అనిపించింది." గొంతు బాగా తగ్గిపోయింది. "ఎప్పట్లాగే వచ్చే వారం వేసేద్దామనుకున్నా. సొరుగులో పెట్టేలోపు మేనేజరుగారు వచ్చి, విడిగా ఉందేమిటని బల్ల మీంచి పట్టుకెళ్ళిపోయారు. ప్రెస్సులో అయిపోయింది, మళ్ళీ కొట్టరు. రెండో కాపీ ఎక్కడా లేదు. మీరు ఫోను చేస్తున్నారు. ఏం చెప్పను? మోగిన ప్రతిసారీ మీరేనని తెలుసు. ఇన్నాళ్ళూ ఆ ఫోను కోసమే..."

వాక్యం అక్కడే ఆగింది, ఎందుకంటే డిపో చివర మేనేజరు గాజు గది తలుపు తెరుచుకుంది.

డిపో మేనేజరుని అందరూ తూకం మేనేజరంటారు. తూకం తప్ప శోకం తెలీని మనిషి. మనుషుల్ని కూడా ఎంత బరువుంటారో చూసిగానీ కూర్చోమనడు. ఆయన కుడిచేతిలో ఇనుప గొడుగు ఆఖరి సంచిక ఉంది. చదువుతూ చదువుతూ లేచి వచ్చాడు, అట్టని పూర్తిగా వెనక్కి మడిచి పట్టుకుని. మావయ్య చెయ్యి తనకి తెలీకుండానే తన చెవి మీదకి వెళ్ళింది.

"ఎవరండీ మీరు? ఓహో, ఆ షాపు మీదేనా! మంచిపని చేశారు, నేనే కబురు పెడదామనుకుంటున్నా. ఏమయ్యా, మీకెప్పుడూ కొరతేనా? ఇన్ని షాపులున్నాయి, ప్రతివారం తప్పకుండా మీ ఒక్కళ్ళకే తక్కువొస్తుందా? పైవాళ్ళు నన్ను నిలదీస్తున్నారు. నా మిషనేమో ప్రతిసారీ ఆకుపచ్చే చూపించింది. నా మిషను అబద్ధం చెప్పదు."

"చెప్పదండీ" అన్నాడు మావయ్య.

"అయితే రెండే దార్లు. పెట్టె నిండుగా వచ్చినా తక్కువొచ్చిందని మీరైనా అబద్ధమాడుండాలి, లేదా ఈ బల్ల దగ్గర ఏదో జరుగుతూ ఉండాలి. ఏమ్మా, నువ్వు మాట్లాడకు, ఆయన్ని చెప్పనీ." మేనేజరు గొంతు కొంచెం తియ్యగా మార్చాడు. "చూడండి, మీరు పెద్దమనిషిలా ఉన్నారు. తప్పు ఇక్కడే జరిగిందని ఒక్కమాట చెప్పండి చాలు. ఈవిణ్ణి ఇవాళే ఇంటికి పంపించేస్తా. మీ పెట్టెలు వస్తూనే ఉంటాయి. ఇదిగో, మీకు తగ్గింది ఇదేగా? ఇదీ పట్టుకెళ్ళండి. నాకు ఆఖరి పేజీ ఒక్కటే మిగిలింది, బస్సు కోసం నిలబడి మీరే చదివి ఫోన్లో చెబుదురుగాని."

పుస్తకం మావయ్య ముక్కుకి జానెడు దూరంలో ఉంది. అట్ట మీద పడిన మడత కూడా కనిపిస్తోంది. ఇస్త్రీ చేస్తే పోతుంది. సాయంత్రంలోపు పిన్ని చేతిలో పెట్టవచ్చు. పిన్ని చెవుల్లో దూది తీసి, వాకిట్లోనే నిలబడి చదివేసి, ఓరి వీడా అని అరుస్తుంది. పదిమంది పదిమందిగానే ఉంటారు. అన్నిటికంటే మించి, చెప్పాల్సింది నిజమే. అబద్ధం కల్పించే శ్రమ కూడా లేదు.

కొరతగారు కళ్ళద్దాలు పెట్టుకుంది. ఆయన్ని సూటిగా చూసింది. "చెప్పెయ్యండి షాపుగారూ" అంది, ఎవరిదో అడ్రసు అడిగితే చెప్పమన్నంత మామూలుగా. అని, బల్ల మీదున్న తన గ్లాసూ డబ్బా తీసి సంచిలో వేసుకోవడం మొదలెట్టింది. రెండే వస్తువులు. అరక్షణంలో అయిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగం అంత తొందరగా సర్దుకోవచ్చని తెలిసి ఆవిడే కాస్త తెల్లబోయినట్టుంది, ఖాళీ బల్ల మీద చెయ్యి ఒకసారి అటూ ఇటూ పోనిచ్చింది.

ఆ చెయ్యి చూశాడు మావయ్య. సాయంత్రం షాపు కట్టేముందు, అమ్మడానికేమీ లేకపోయినా, తన చెయ్యి కౌంటరు మీద అలాగే తిరుగుతుంది.

"పెట్టె ప్రతివారం నిండుగానే వచ్చిందండీ" అన్నాడు.

మేనేజరు పుస్తకం వెనక్కి తీసుకున్నాడు. "ఏమిటీ?"

"ఒక్కటి కూడా తగ్గలేదండీ. నేనే అబద్ధం చెప్పాను. షాపులో రోజంతా మాట్లాడేవాళ్ళు ఉండరు. తక్కువొచ్చిందంటే ఈ నంబరుకి ఫోను చెయ్యొచ్చు కదా. అందుకని."

కొరతగారి సంచి చేతిలోనే ఉండిపోయింది. మేనేజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అబద్ధమైతే అబద్ధంలా వినపడాలి, ఇదలా వినపడలేదు. అందుకే నమ్మేశాడు. నమ్మి, పెద్దగా నవ్వాడు.

"భలే మనిషివయ్యా! ఫోను కోసమా? సరే, ఒప్పుకున్నావు, కేసు లేదు. మరి అవన్నీ ఎక్కడున్నాయి?"

"ఏవండీ?"

"అదేమిటయ్యా! పెట్టె నిండుగా వచ్చింది. తక్కువొచ్చిందన్నావు. మళ్ళీ వారం మేం ఇంకో కాపీ పంపాం. అంటే ప్రతివారం నీ దగ్గర ఒకటి ఎక్కువుండాలిగా? ఇన్ని నెలల కాపీలు! నా మిషను లేకుండానే చెప్పగలను, ఒక గుట్ట ఉండాలి. అవి తిరిగిచ్చేస్తే నీ దారి నీది. అమ్ముకుని తిన్నావనుకో, అప్పుడు ఫోను నేను చేస్తా, పోలీసులకి."

మావయ్య వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. వేళ్ళ స్టాకు అయిపోయింది.

"ఉన్నాయిగా?"

"ఉ... ఉన్నాయండీ."

"పదండి అయితే. వ్యాను ఖాళీగానే ఉంది, ఇప్పుడే తెచ్చేసుకుందాం. ఏమ్మా, సంచి చేత్తో పట్టుకునే ఉన్నావుగా, నువ్వూ ఎక్కు. ఏ వారం ఏం పంపావో నీకే తెలుసు."

వ్యానులో ముందు సీటొక్కటే ఉంది. మేనేజరు స్టీరింగు దగ్గర, కిటికీ పక్కన మావయ్య, ఇద్దరి మధ్యా కొరతగారు, మోకాళ్ళ మీద సంచి. అద్దం కింద ఇనుప గొడుగు బోర్లా పడి ఉంది. వ్యాను కుదిపినప్పుడల్లా అట్ట రెపరెపలాడింది. ఇన్నాళ్ళూ మాటలకోసం తపించిన ఇద్దరి భుజాలు తగులుతున్నాయి, మాట్లాడటానికి మాత్రం వీల్లేదు.

వంతెన దిగాక కొరతగారు పెదాలు కదిలీ కదలనట్టు అంది: "మీ అడ్రసు ప్రతివారం పెట్టె మీద రాసేదాన్నండీ, కంఠతా వచ్చు. దారే తెలీదు. ఇప్పుడే చూడటం."

మావయ్య ఆవిడ వైపు తిరగలేదు. దగ్గరకొచ్చేస్తున్న కూడలినే చూస్తున్నాడు. ఎడమకి తిరిగితే రెండో వీధి, మూసిన షాపు, గుట్ట లేని ఖాళీ అరలు, చెవుల్లో దూదితో మెట్టు మీద కూర్చుని ఉండే పిన్ని.

మేనేజరు గేరు మార్చాడు. "ఎటు తిప్పాలయ్యా?"

"కుడికండీ" అన్నాడు అట్టల మావయ్య.